చెవి పక్కన రెండు వేళ్ళు

వదిన ఇచ్చిన పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని కత్తెర తను పనిచేసే ఫోటో స్టూడియో మెట్లెక్కుతుండగా కిందటి వారం మనం ఆమెను వదిలిపెట్టాం. ఆమె పైకి చేరేలోగా, కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు మాటలు.

కత్తెర అనేది ఇంట్లో పిలుపు. చిన్నప్పుడు నాన్న కళ్ళజోళ్ళ దుకాణంలో బల్ల కింద దూరి, ఎడమ చెవి పక్క జుట్టంతా కచకచా కత్తిరించేసుకుంది. అప్పటికే గొంతు ఆపరేషన్‌తో నాన్నకి మాట పోయింది. నోరారా తిట్టలేక, నవ్వు ఆపుకోలేక, ఆయన తన చెవి పక్కన రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించాడు. ఆ సైగే ఆమెకు పేరైపోయింది. ఆ ఇంట్లో మాటలన్నీ ఆయన చేతులమీదే నడిచేవి. నప్పని జోడు పెట్టుకుని అద్దం ముందు మురిసిపోతున్న గిరాకీకి వేళ్ళు సున్నాలు చుట్టి, కనుగుడ్లు తిప్పి గుడ్లగూబను చూపించేవాడు. ఆ మనిషి కోప్పడకుండా నవ్వేసి ఇంకో జోడు అడిగేవాడు.

ఆ చేతులే ఒకనాడు ఆమెకు గుమ్మం చూపించాయి. చెప్పాపెట్టకుండా పెళ్ళి చేసుకుని, భర్తను వెంటబెట్టుకుని వచ్చిన రోజు అది. తర్వాత కొన్నేళ్ళకు ఆయన మంచాన పడ్డాడు. ఏడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన చెల్లెల్ని అన్నయ్య వరండాలోనే ఆపేశాడు. "నాన్న నిన్ను చూడనంటున్నాడు. నీ పేరెత్తితే గోడవైపు తిరిగిపోతున్నాడు. లోపలికొస్తే ఆయాసం ఎక్కువవుతుంది. వెళ్ళిపో" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ నాన్నను చూసింది మొహం మీది తెల్లగుడ్డ తీసినప్పుడే.

ఏడాది తిరిగింది. వచ్చే ఆదివారం చుట్టాలందరూ అన్నయ్య ఇంట్లో నాన్నను తలుచుకోవడానికి చేరుతున్నారు. వదిన పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చి, "వీడియో ఒక్కటీ లేదు. దుకాణం కంప్యూటర్లో ఏదో మూల ఈ ఫోటోలు దొరికాయి. వరసగా తీసినట్టున్నారు. మావయ్యగారు చెయ్యి ఊపుతున్నట్టు చిన్న కదిలే బొమ్మ చేసి పెట్టవూ? అందరి ఫోన్లకీ పంపిద్దాం" అని బతిమాలింది.

కత్తెర కాదనలేకపోయింది. తనను చూడనన్న మనిషి చెయ్యి ఎవరికో ఊపుతుంటే, దాన్ని కదిలించే పని తన చేతికే వచ్చింది.

*

స్టూడియో యజమానిని అందరూ ఫ్లాష్ అంటారు. లోకమంతటికీ కళ్ళు మూయొద్దని చెప్పి, ప్రతి క్లిక్కుకీ తనే కళ్ళు మూసుకుంటాడు. కత్తెర లోపలికి వచ్చేసరికి తెల్లటి తెరను గోడకు మేకులు కొట్టి బిగిస్తున్నాడు.

"ఏమ్మా, ఇవాళ సెలవన్నావుగా?"

"ఇంటి పని సార్. మెషీన్ కాసేపు వాడుకుంటాను."

"వాడుకో, నాకేం. ఆ బట్టతల ఆయన నెత్తిమీద మెరుపు మాత్రం తగ్గించి పో తల్లీ. పొద్దున్నించీ ఒకటే ఫోన్లు. ఫోటోలో బల్బులా వెలుగుతున్నాడట. వెలగక ఏం చేస్తాడు, ఆ తల నేను పెట్టిందా?"

ఆమె నవ్వి వెనక గదిలోకి వెళ్ళింది. కిటికీకి నల్లకాగితం అంటించిన ఇరుకు గది. తెర వెలుతురు, కుర్చీ, పక్కన చల్లారిపోయిన టీ గ్లాసు ఉంటే ఆమెకు ఏ పనైనా చేతనవుతుంది. ముందు ఆ బట్టతల సంగతి చూసింది. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టింది.

ఫోటోల్లో నాన్న తలగడమీద తల ఎత్తుగా పెట్టుకుని ఉన్నాడు. మొహం చిక్కిపోయింది. గడ్డం తెల్లగా, పల్చగా పెరిగింది. కళ్ళు మాత్రం ఆయనవే. కుడిచెయ్యి ఒక దాంట్లో గడ్డం దగ్గర, ఒక దాంట్లో గాలిలో, ఒక దాంట్లో ఛాతీ దగ్గర ఉంది. బాగున్నవనిపించినవి ఏరి వదిన తనకు తోచిన వరసలో అంకెలు వేసి పెట్టింది.

కత్తెర అన్నింటినీ ఒకే ఫైల్లోకి తెచ్చి ఒకదానిమీద ఒకటి లేయర్లుగా పేర్చింది. తీసినవాళ్ళ చెయ్యి వణికినట్టుంది, మంచం కమ్మీ ఒక్కో ఫోటోలో ఒక్కోచోట ఉంది. ఆ కమ్మీనే గురుతుగా పెట్టుకుని ఒక్కో లేయర్నీ కాస్త జరిపి, కాస్త తిప్పి, నాన్న తల కదలకుండా నిలబెట్టింది. ఆసుపత్రి దీపాలు మొహాన పులిమిన పచ్చదనం తగ్గించి చర్మానికి ప్రాణం తెచ్చింది. ముక్కులోని గొట్టం తీసెయ్యమని వదిన మరీమరీ చెప్పింది. పక్కనున్న చర్మాన్నే బ్రష్‌తో తెచ్చి అద్దుతూ ప్రతి లేయర్లోనూ గొట్టాన్ని చెరిపేసింది. బతికుండగా దగ్గరికి రానివ్వని మొహాన్ని ఇంత దగ్గర్నుంచి తుడుస్తున్నానే అనుకుంటే చెయ్యి ఒక్కక్షణం ఆగింది. మళ్ళీ సాగింది.

చివర్న లేయర్లను ఫ్రేములుగా మార్చి, ఒక్కోటీ రెప్పపాటు నిలిచేలా పెట్టి, ఆగకుండా తిరుగుతూ ఉండేలా గురుతు పెట్టి, నొక్కింది.

నాన్న చెయ్యి ఊపాడు.

అరచేతంత బొమ్మలో, నిజంగానే, వెళ్ళొస్తానన్నట్టు. ఆమె చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. కోపం, అలక, ఏడాదిగా గుండెల్లో మోస్తున్న బరువు అన్నీ ఒక్కసారి సడలాయి. ఎవరికి ఊపితేనేం, ఊపాడు కదా!

కానీ పని నేర్చిన కన్ను ఊరుకోదు. ఒకచోట చెయ్యి గతుక్కుమంటోంది. పైకి వెళ్తున్నదల్లా ఒక్కసారి కిందకు దూకి మళ్ళీ పైన తేలుతోంది. ఆపి చూసింది. దుప్పటి అంచున ఒక మడత ఒక ఫ్రేములో ఉంది, తర్వాతి దాంట్లో లేదు, ఆ తర్వాత మళ్ళీ ప్రత్యక్షమైంది. మంచాన ఉన్న మనిషి దుప్పటిని సర్దుకుని మళ్ళీ అదే మడత పెట్టుకోడు. వరస తప్పు.

"వదినా, నీ లెక్కలు ఇలా ఏడిశాయా" అనుకుంటూ పెన్‌డ్రైవ్‌లో వెతికింది. లోపల ఇంకో ఫోల్డర్లో కెమెరా పెట్టిన అసలు అంకెలతోనే మొత్తం ఫోటోలు ఉన్నాయి. వదిన ఏరగా మిగిలినవి, మసకగా వచ్చినవి, ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చినవి కూడా. కత్తెర పాత ఫైలు మూసేసి, అన్నింటినీ తీసిన వరసలో మొదట్నుంచి పేర్చింది. ఈసారి గొట్టం చెరపలేదు, రంగులు దిద్దలేదు. వరస సరిపోతుందో లేదో చూద్దామని ఊరికే నొక్కింది.

నాన్న చెయ్యి ఊపలేదు.

చెయ్యి దుప్పటి మీంచి కష్టంగా లేచింది. గడ్డం దాటింది. చెవి పక్కకు వెళ్ళి నిలబడింది. రెండు వేళ్ళు విడివడ్డాయి. దగ్గరయ్యాయి. మళ్ళీ విడివడ్డాయి. తర్వాత అరచెయ్యి లోపలికి తిరిగి, గాలిని లాక్కున్నట్టు ఛాతీమీదికి వచ్చి ఆగింది.

కత్తెర. రమ్మను.

ఆ రెండు సైగలు ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కావు. విడివిడిగా చూస్తే చెవి గోక్కుంటున్నట్టు, గుండె నొప్పని పట్టుకున్నట్టు ఉంటాయి. ఇంటికి కోడలిగా వచ్చేనాటికే నాన్న పలకా బలపంతో మాట్లాడటం మొదలుపెట్టాడు కాబట్టి వదినకు అవి తెలిసే వీలు లేదు. మంచాన పడి బలపం పట్టే బలం పోయాక ఆయన మళ్ళీ సైగలకే వచ్చినట్టున్నాడు. తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు.

బొమ్మ ఇంకా అయిపోలేదు. ఛాతీమీంచి నాన్న చెయ్యి మళ్ళీ చెవి వైపు లేవబోతుండగా, పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. నెమ్మదిగానే వచ్చింది. మణికట్టు పట్టుకుని, దుప్పటిమీదికి దించి, అక్కడే నొక్కి ఉంచింది. ఆ చేతి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. లెన్సు అరగదీసే చక్రం కింద చిన్నప్పుడే నలిగిన గోరది. ఆ వేలికి కట్టు కట్టింది తనే.

నాన్న తల అటు తిరిగింది. కళ్ళు ఆ చేతి యజమాని వైపు పైకి చూశాయి.

అక్కడితో ఫోటోలు అయిపోయాయి. బొమ్మ మొదటికొచ్చింది. చెయ్యి లేచింది. రెండు వేళ్ళు ఆడాయి. రమ్మంది. చీలిన గోరు వచ్చి నొక్కేసింది. మళ్ళీ లేచింది.

ఆగకుండా తిరగమని చెప్పింది తనే. ఆపడానికి చెయ్యి రాలేదు. ఆయన అడుగుతూనే ఉన్నాడు.

"ఏమ్మా, అయిందా?" అంటూ ఫ్లాష్ తలుపు తోసి తల లోపలికి పెట్టాడు. ఆమె మొహం చూసి, తలుపు మళ్ళీ దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆమె బొమ్మను తన లాప్‌టాప్‌లో, ఫోన్‌లో వేసుకుంది. మెట్లు దిగుతూ భర్తకు ఫోన్ చేసింది. ఈ ఏడాదంతా ఆమె ఏడ్చినప్పుడల్లా తల నిమిరినవాడు అతనే. "పెద్దాయన పంతం అది. నీ తప్పేం లేదు. మర్చిపో" అని ఓపిగ్గా చెబుతూ వచ్చాడు.

"ఏవండీ, మీరు ఒకసారి అన్నయ్య దుకాణానికి రాగలరా?"

"ఇప్పుడా? ఏమైంది? గొంతు అలా ఉందేంటి?"

"వచ్చాక చెప్తా. నేను ఒక్కదాన్నే తట్టుకోలేను. రండి."

అవతల కాసేపు వాహనాల చప్పుడు మాత్రం వినిపించింది. "సరే, వస్తున్నా" అన్నాడు.

*

దుకాణం గోడలనిండా జోళ్ళు. మధ్యమధ్య అద్దాలు. ఎటు తిరిగినా మన మొహమే మనకు ఎదురొస్తుంది. అన్నయ్య బల్ల వెనక నిలబడి ఒక పెద్దాయన ముక్కుమీద జోడు సరిచేస్తున్నాడు.

"ఇప్పుడెలా ఉందండీ?"

"నాకు బానే కనబడుతోంది బాబూ. జోడు మా ఆవిడకి మార్చాలి. పొద్దున్నించీ ఎన్ని పనులు చేసినా ఆవిడ కంటికి ఒక్కటీ ఆనట్లేదు."

అన్నయ్య నవ్వుతూ తలెత్తి, గుమ్మంలో చెల్లెల్ని చూశాడు. మామూలుగా అయితే ఆ జోకును ఆమెకు మళ్ళీ చెప్పేవాడే. ఆమె నవ్వకపోవడం చూసి జోడును గబగబా పెట్టెలో పెట్టి పెద్దాయనను సాగనంపాడు.

"ఏంటే ఈ వేళప్పుడు? బొమ్మ అయిపోయిందా? మీ వదిన పొద్దున్నించీ అదే జపం."

"అయింది. చూస్తావని తెచ్చా."

లాప్‌టాప్ బల్లమీద పెట్టి, మూత తెరిచి, అతని వైపు తిప్పింది.

అతను బల్లమీదికి వంగాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. బొమ్మ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో నవ్వు పోయింది. మూడో చుట్టు మొదలవకముందే చేత్తో మూత దించబోయాడు.

"నొక్కకు" అంది ఆమె. "ఆయన చెయ్యి నొక్కావు. దీన్ని నొక్కకు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గోడమీది అక్షరాల పటం వైపు చూస్తూ అన్నాడు. "చెయ్యి ఎంతవరకు లేస్తోందో డాక్టర్‌కి చూపించాలని వరసగా తీసినవి అవి. ఆ జబ్బులో చేతులు అలాగే ఆడతాయట. వాటికి అర్థం ఉండదు. డాక్టరే చెప్పాడు."

"అలాగా?" ఆమె ఒక్కో ఫ్రేమూ ఆపి చూపించింది. "ఇది చెవి పక్క. ఇవి రెండు వేళ్ళు. ఇక్కడ విడిపోయాయి, ఇక్కడ కలిశాయి. ఇది ఛాతీమీద. నాకు జుట్టు కత్తిరించుకునే వయసప్పట్నుంచీ ఆయన నన్ను ఇలాగే పిలిచాడు. ఏ జబ్బుకి తెలుసు అన్నయ్యా నా పేరు?"

అతను బల్లమీది జోళ్ళ పెట్టెను పక్కకు జరిపాడు.

"నాన్న మొహం తిప్పుకున్నాడన్నావు. గోడవైపు తిరిగాడన్నావు. వరండాలో నా రెండు భుజాలూ పట్టుకుని చెప్పావు. నీ కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ నీళ్ళు చూసే నమ్మాను నేను. లేకపోతే నిన్ను తోసుకుని వెళ్ళేదాన్ని."

"అరవకు. రోడ్డు మీదికి వినబడుతుంది."

"విననీ! ఏడాది నుంచీ నేను అద్దంలో మొహం చూసుకోవడం లేదు, తెలుసా నీకు? కన్నతండ్రి చచ్చేముందు కూడా చూడ్డానికి ఇష్టపడని మొహమిది అనుకుంటూ పౌడర్ అద్దుకున్నాను. నీ పిల్లలకి తల దువ్వుతున్నా అదే గుర్తొచ్చేది. వదిన అన్నం పెడితే నీకు రుణపడిపోయానని అనుకున్నాను. చివరిదాకా నాన్నని చూసుకున్నది మా అన్నయ్య అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను."

"చూసుకున్నాను!" అన్నాడు అతను ఒక్కసారిగా. "చూసుకోలేదా? తుడిచింది ఎవరు, కడిగింది ఎవరు, ఎత్తి కూర్చోబెట్టింది ఎవరు? నువ్వా?"

"నన్ను రానిస్తే నేనూ చేసేదాన్ని."

"వచ్చేదానివి. వస్తే ఏమయ్యేది? ఆయన మొహం వెలిగిపోయేది. నిన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను గొట్టాలు మార్చే మనిషిగా ఆ మూల నిలబడేవాణ్ణి." అన్నయ్య బల్లమీద రెండు చేతులూ ఆన్చి తల వంచుకున్నాడు. "నీకు సైగ ఉంది. నాకేముంది? చెప్పు. నాన్న నన్ను ఎలా పిలిచేవాడో చెప్పు."

ఆమె నాన్న సైగలన్నీ మనసులో వెతికింది. అన్నయ్యది దొరకలేదు.

"చెప్పలేవు. లేదు కాబట్టి." వేలి కణుపులతో బల్లమీద టక్‌టక్‌మని కొట్టాడు. "ఇది. ఈ చప్పుడు. ఇది వినబడితే నేను లోపల్నుంచి పరుగెత్తుకు రావాలి. గిరాకీని పిలవాలన్నా ఇదే, పిల్లిని తోలాలన్నా ఇదే. నాకంటూ ఒక్క వేలు కూడా ఎత్తలేదు ఆయన. చదువు మానేసి ఈ బల్ల వెనక నిలబడ్డాను. నువ్వు ఇష్టం వచ్చినట్టు పోయి ఇష్టం వచ్చినవాణ్ణి చేసుకున్నావు. నేను ఉండిపోయాను. చివరికి మంచం పక్కన రాత్రీ పగలూ నేనుంటే, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకుని ఆయన ఎత్తిన చెయ్యి నీకోసం. నా వైపు చూస్తూ నీ పేరు. నా మొహం ఎదురుగా ఉంటే నీ పేరు!"

కత్తెర వింటూ నిలబడింది. జాలి కలగలేదని కాదు. ఆ బల్లమీద చప్పుడు చిన్నప్పుడు ఇల్లంతా వినిపించేది, అది ఒక మనిషి పేరని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. ఇంకెప్పుడైనా అయితే బల్ల దాటి వెళ్ళి అన్నయ్య భుజంమీద చెయ్యి వేసేది. కానీ తెరమీద నాన్న ఇంకా అడుగుతున్నాడు.

"నీ కోపం నామీద" అంది నెమ్మదిగా. "నన్ను తిట్టాల్సింది. కొట్టినా పడేదాన్ని. నాన్నమీద అయితే ఆయన్ని అడగాల్సింది. మాట లేని మనిషికి మిగిలింది చేతులే కదా అన్నయ్యా. ఆ చెయ్యి నొక్కడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

అతను బల్లమీద ఎవరో వదిలిపోయిన లెన్సుగుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"ఒక్కరోజేనా అడిగింది?"

గుడ్డ మళ్ళీ విప్పాడు.

"ఎన్నాళ్ళు అడిగాడు? నిజం చెప్పు. నాకు అది తెలియాలి."

"చెయ్యి లేచినన్నాళ్ళూ" అన్నాడు అన్నయ్య.

గిరాకీలు కళ్ళజోళ్ళు పెట్టి చూసుకునే ఎత్తు స్టూలుమీద ఆమె కూలబడింది. ఎదుటి అద్దంలో, పక్క అద్దంలో, గోడవారన ఉన్న నిలువుటద్దంలో ఎర్రబడ్డ కళ్ళతో ఆమే కనిపించింది. బయట రోడ్డుమీద ఎవరో ఎవర్నో పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు. పిలుపు అందుకున్న మనిషి "ఆఁ, వస్తున్నా" అని అరిచాడు. అంత మామూలుగా.

కాసేపటికి బ్యాగులోంచి ఫోన్ తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"వదిన అడిగిన బొమ్మ పంపిస్తున్నా. చుట్టాలందరూ ఉన్న గ్రూపులో పెడతా. కింద రెండు మాటలు రాస్తా, ఆ చేతులు ఏమంటున్నాయో."

అన్నయ్య బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. అంత పెద్ద మనిషి ఆమె ముందు చేతులు జోడించాడు. "వద్దే. మీ వదినకి తెలీదు. తెలిస్తే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతుంది. వాళ్ళు తాతయ్యని నేను ఎలా చూసుకున్నానో స్కూల్లో చెప్పుకుంటారు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను తిట్టు, నా గుమ్మం తొక్కకు, నన్ను అన్నయ్యా అనకు. ఇది మాత్రం వద్దు."

"నాకూ ఇలాగే ఉండింది ఆ వరండాలో. నువ్వేం చేశావు?"

"తప్పు చేశాను!"

ఆ మాట అనేశాక అతని భుజాలు జారిపోయాయి. ఆమె వేలు ఫోన్ తెరమీద ఆగింది. బొమ్మ గ్రూపులో పెట్టడానికి సిద్ధంగా ఉంది, పంపడమే తరవాయి. వదిన మొహం గుర్తొచ్చింది. ముక్కులో గొట్టం తీసెయ్యవే, మావయ్యగారు బాగా కనబడాలి అన్న వదిన. ఆ మనిషిని ఈ బొమ్మతో కొట్టడం ఆమెకు చేత కాలేదు. అలాగని ఫోన్ లోపల పెట్టుకోనూ లేకపోయింది.

"ఆదివారం నువ్వే చెప్పు" అంది చివరికి. "అందరి ముందూ నీ నోటితో. నాన్న నన్ను పిలిచాడని చెప్పు. నువ్వు ఆపావని చెప్పు. చెబితే ఇది ఎవరికీ వెళ్ళదు. చెప్పకపోతే వెళ్తుంది. నాకు కావలసింది నీ పరువు కాదు. ఆయన పిలుపు. అది నాది, నాకు ఇచ్చెయ్."

అన్నయ్య తలూపాడు. తలూపాక కూడా అక్కడే నిలబడ్డాడు. లాప్‌టాప్ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

"చెప్తాను. నా వంతు నేను చెప్తాను."

"నీ వంతేంటి? ఇంకెవరి వంతు ఉంది ఇందులో?"

"నువ్వు బొమ్మంతా చూశావు. ఫోటోలు దిద్దే మనిషివి, దుప్పటి మడతలు కూడా చూసి ఉంటావు." అతని గొంతు మరీ తగ్గిపోయింది. "నా చేతులు ఎక్కడున్నాయో చూశావా? ఒకటి నాన్న మణికట్టుమీద. రెండోది ఆయన భుజం కింద, పడిపోకుండా. డాక్టర్‌కి చూపించేవి కాబట్టి ఆసుపత్రి వాళ్ళే తీశారనుకున్నావేమో. వాళ్ళ దగ్గర అలాంటి కెమెరా లేదు. మా ఇంట్లోనూ లేదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత, మంచం కమ్మీని గురుతు పెట్టుకుని తను జరిపిన ఆ లేయర్లన్నీ కళ్ళముందు కదిలాయి. తీసినవాళ్ళ చెయ్యి వణికింది. తీసినవాళ్ళు ఆ గదిలో, మంచానికి అంత దగ్గరగా, నాన్న సైగ చేస్తుంటే చూస్తూ, నొక్కుతూ నిలబడ్డారు.

"ఎవరన్నయ్యా?"

"ఆ వరండాలో నీతో చెప్పిన మాటలు నేను అల్లినవి కాదు" అన్నాడు అతను. "అంత తెలివి నాకు లేదు. ఎలా చెబితే నువ్వు నమ్మి వెళ్ళిపోతావో నీ గురించి బాగా తెలిసిన మనిషి నాకు చెప్పాడు. నాకు అప్పుడు వినాలనిపించింది, విన్నాను. నా తప్పు నాదే. కానీ..."

అన్నయ్య చూపు ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

గాజు తలుపు తెరుచుకుంది. భర్త గబగబా లోపలికి వచ్చాడు. ఎంత తొందరగా వచ్చాడో ఒగరుస్తున్నాడు, నుదుట చెమట. కత్తెర స్టూలుమీంచి లేచింది. ఎప్పటిలా అతని వైపు ఒక అడుగు వేసింది కూడా.

అతను ఆమెను చూడలేదు. అతని కళ్ళు తిన్నగా బల్లమీది తెర దగ్గరకు వెళ్ళాయి. చెయ్యి లేచింది, రెండు వేళ్ళు ఆడాయి, చీలిన గోరు వచ్చి నొక్కింది. ఇదేమిటని అడగలేదు. ఎవరని అడగలేదు. మొహంలో రంగు మాత్రం మెల్లగా దిగిపోయింది. అన్నయ్య వైపు తిరిగి, కోపం అణుచుకుంటూ, చిన్న గొంతుతో అన్నాడు.

"ఇవన్నీ చెరిపేశానన్నారు కదా, బావగారూ?"